ప్రోస్టేటు ఆపరేషన్ తర్వాత నాన్నగారికి సోడియం 118కి పడింది, ఇంటికి వచ్చాక మళ్ళీ తగ్గుతోంది: ఉప్పు ఎక్కువ పెట్టాలా?

ముందు మీరు రాసింది నాకు అర్థమైనట్టు చెప్తాను, ఇది చదివే మిగతావాళ్ళకి కూడా తెలుస్తుంది. నాన్నగారికి 71 ఏళ్ళు. ప్రోస్టేటు 80 గ్రాములకు పెరిగి మూత్రం ఆగిపోవడంతో టీయూఆర్‌పీ, అంటే మూత్రం దారి గుండా ప్రోస్టేటును గీకి తీసే ఆపరేషన్, చేశారు. నడుముకి ఇంజెక్షన్ ఇచ్చి చేసిన ఆపరేషన్ గంటన్నర పైనే పట్టింది. వార్డుకి తెచ్చాక ఆయన మనిషి మనిషిలా లేరు. గొట్టాలు పీకేసుకోబోయారు, మిమ్మల్ని గుర్తుపట్టలేదు, కళ్ళు కనిపించడం లేదన్నారు. సోడియం 118 ఉందని ఐసీయూలో రెండు రోజులు ఉంచి, 133 వచ్చాక ఇంటికి పంపారు. పది రోజుల తర్వాత కూకట్‌పల్లిలో మీ ఇంటి దగ్గర ల్యాబ్‌లో చేయిస్తే 128 వచ్చింది. బీపీ అని ఉప్పు తగ్గించడం వల్లే ఇదంతా జరిగిందని మీ మేనత్తగారు మజ్జిగలో చెంచాడు ఉప్పు కలిపి తాగిస్తున్నారు. మెదడుకేమైనా అయిందేమో అని మీ టెన్షన్. పైగా వచ్చే నెల మీ బాబాయికి కూడా ఇదే ఆపరేషన్ అన్నారు.

నేను మత్తు డాక్టర్‌ని. హైదరాబాద్‌లో ఎక్కువ కాలం యూరాలజీ థియేటర్లలోనే పనిచేశాను కాబట్టి ఈ సమస్యను దగ్గర నుంచి చూశాను. మొదట ఒక మాట చెప్పనివ్వండి. మీ నాన్నగారికి ఆపరేషన్ రోజు సోడియం పడింది ఉప్పు తక్కువై కాదు, ఒంట్లోకి నీళ్ళు ఎక్కువై. ఇంట్లో మళ్ళీ తగ్గుతున్నదానికి కూడా చాలావరకు కారణం నీళ్ళు, మాత్రలే అయ్యుంటాయి. మేనత్తగారి ప్రేమను నేను తప్పుపట్టను. కానీ ఉప్పు కలిపిన మజ్జిగ దీనికి మందు కాదు. ఆయన ఎప్పుడూ తినే కూరలో, పప్పులో ఎంత ఉప్పు ఉంటుందో అంతే తిననివ్వండి. డాక్టర్ చెప్పకుండా పైన చెంచాలతో కలిపి ఇవ్వకండి. బీపీ ఉన్న మనిషి, గుండె మీద భారం పడుతుంది.

ఆ రోజు థియేటర్లో ఏం జరిగి ఉంటుందో వివరంగా చెప్తాను, ఎందుకంటే బాబాయి విషయంలో మీరు ఏం అడగాలో అందులోనే ఉంది.

టీయూఆర్‌పీలో పొట్ట కోయరు. మూత్రం వచ్చే దారి గుండా సన్నటి పరికరం పంపి, దాని చివర ఉన్న తీగ చుట్టలోకి కరెంటు ఇచ్చి, పెరిగిన ప్రోస్టేటును ముక్కలు ముక్కలుగా గీకి తీస్తారు. లోపల రక్తం కారుతూ ఉంటే సర్జన్‌కి ఏమీ కనిపించదు. అందుకని పైన స్టాండుకి పెద్ద సంచులు వేలాడదీసి, వాటిలోంచి ద్రవం లోపలికి పారేలా చేస్తారు. ఆ ద్రవం రక్తాన్ని, ముక్కల్ని కడుగుతూ బయటికి వచ్చేస్తుంది. ఒక్క ఆపరేషన్‌కి పది, ఇరవై లీటర్లు అయిపోవడం మామూలే.

పాత పద్ధతిలో, అంటే మోనోపోలార్ మెషిన్‌తో చేసేటప్పుడు, ఆ ద్రవంలో ఉప్పు ఉండకూడదు. ఉప్పు నీటిలో కరెంటు చెదిరిపోతుంది, తీగ కోయదు. కాబట్టి ఉప్పు లేని ద్రవం వాడతారు, ఎక్కువ చోట్ల 1.5 శాతం గ్లైసిన్. ఒకప్పుడు ఉత్త డిస్టిల్డ్ వాటరే వాడేవారు. అది రక్తంలో కలిస్తే ఎర్ర కణాలు పగిలిపోయేవి, కిడ్నీలు దెబ్బతినేవి. 1940ల చివర్లోనే దీన్ని గుర్తించారు, తర్వాత గ్లైసిన్ లాంటివి వచ్చాయి. కణాలు పగలడం తగ్గింది గానీ అసలు చిక్కు పోలేదు.

ప్రోస్టేటు చుట్టూ సిరలు వల అల్లినట్టు ఉంటాయి. గీకేటప్పుడు అవి తెరుచుకుంటాయి. సంచి ఎత్తు మీద ఉంటుంది, సిరలో ఒత్తిడి తక్కువ. అందుకని ద్రవం నేరుగా రక్తంలోకి దిగిపోతుంది. మామూలుగా నిమిషానికి 10 నుంచి 30 మిల్లీలీటర్ల వరకు పోతుందని లెక్క. సంచి ఎంత ఎత్తులో ఉంటే, ఎంతసేపు గీకితే, ఎన్ని సిరలు తెరుచుకుంటే అంత ఎక్కువ. అందుకే సంచిని బల్లకి 60 సెంటీమీటర్ల కంటే పైన పెట్టొద్దని, గంట లోపు ముగించాలని మాకు నేర్పిస్తారు. ఉప్పు లేని ద్రవం ఒక లీటరు గంటలో రక్తంలో చేరితే సోడియం 5 నుంచి 8 వరకు పడుతుంది. మామూలుగా రక్తంలో లీటరుకు 135 నుంచి 145 మిల్లీఈక్వివలెంట్ల సోడియం ఉండాలి. మీ నాన్నగారు 118కి వచ్చారంటే సుమారు మూడు లీటర్లు లోపలికి వెళ్ళి ఉండాలి. 80 గ్రాముల గ్రంథి, గంటన్నర పైన సమయం అంటే అలా జరగడానికి కావలసినవన్నీ ఉన్నట్టే. దీన్నే టీయూఆర్‌పీ సిండ్రోమ్ అంటారు.

ఉప్పు ఒంట్లోంచి ఎక్కడికీ పోలేదు, రక్తం పలచబడింది. సాంబారులో రెండు చెంబుల నీళ్ళు ఒలికితే ఉప్పు చప్పబడినట్టు. పలచబడ్డ రక్తంలోంచి నీళ్ళు కణాల్లోకి చేరతాయి. చేయో కాలో వాస్తే చర్మం సాగి చోటిస్తుంది. మెదడు పుర్రె లోపల ఉంది, అది వాస్తే చోటు లేదు. అందుకే మొదటి గుర్తులన్నీ మెదడు నుంచే వస్తాయి.

నడుముకి మత్తు ఇచ్చి మనిషిని మెలకువగా ఉంచడంలో ఒక పెద్ద ఉపయోగం ఇదే. ఆపరేషన్ సాగుతున్నంతసేపూ మేం పేషెంటుతో కబుర్లు చెప్తూ ఉంటాం. ఏ ఊరు, పిల్లలు ఏం చేస్తున్నారు, పొలం ఉందా అని. కాలక్షేపానికి అనుకుంటారు గానీ, అదొక పరీక్ష. నల్లగొండ వైపు నుంచి వచ్చిన పెద్దాయన బత్తాయి తోట గురించి ఉత్సాహంగా చెప్తూ చెప్తూ, ఉన్నట్టుండి చిరాకు పడ్డా, చెప్పిందే చెప్పినా, మొహం మంటగా ఉందన్నా, వాంతి వచ్చేలా ఉందన్నా, మేం సర్జన్‌కి చెప్పి రక్తం పరీక్షకి పంపుతాం. అప్పటికే మానిటర్‌లో బీపీ పెరిగి, గుండె వేగం తగ్గుతూ ఉండొచ్చు. ఆ తర్వాత బీపీ పడిపోవడం, ఆయాసం, ఫిట్స్, స్పృహ పోవడం దాకా వెళ్తుంది. పూర్తి మత్తులో ఉన్న మనిషైతే ఈ తొలి మాటలేవీ మనకు వినపడవు.

కళ్ళు కనిపించలేదన్న సంగతి మిమ్మల్ని బాగా భయపెట్టినట్టుంది. గ్లైసిన్ అనేది కంటి రెటీనాలో సంకేతాలను అణిచే పదార్థం. అది రక్తంలో ఎక్కువగా చేరినప్పుడు చూపు మసకబారడం, కొందరికి పూర్తిగా చీకటి కమ్మడం జరుగుతుంది. గ్లైసిన్ ఒంట్లోంచి తగ్గేకొద్దీ చూపు వచ్చేస్తుంది, ఎక్కువ మందికి ఒకరోజు లోపే. నాన్నగారు ఇప్పుడు పేపరు చదువుతున్నారని రాశారు కాబట్టి దాని గురించి బెంగ పెట్టుకోకండి.

ఇక మెదడు సంగతి. ఐసీయూలో ఆయనకి 3 శాతం సెలైన్, అంటే గాఢమైన ఉప్పు ద్రవం, కొద్ది కొద్దిగా ఎక్కించారని, నీళ్ళు పోవడానికి ఇంజెక్షన్ ఇచ్చారని రాశారు. అది సరైన వైద్యమే. తికమక, ఫిట్స్ లాంటివి ఉన్నప్పుడు 100 నుంచి 150 మిల్లీలీటర్లు పది ఇరవై నిమిషాల్లో ఇచ్చి, సోడియం ముందు ఒక 4 నుంచి 6 పెంచితే మెదడు వాపు ప్రమాదం తగ్గుతుంది. ఆ తర్వాత నెమ్మదిగా తీసుకెళ్తారు. మరీ వేగంగా పెంచితే మెదడులోని నరాల పొర దెబ్బతినే జబ్బు ఒకటి ఉంది. రోజుల తరబడి తక్కువగా ఉన్న సోడియాన్ని ఒక్కసారిగా పెంచినప్పుడు అది వస్తుంది. అందుకే అలాంటివాళ్ళకి 24 గంటల్లో 8 నుంచి 10కి మించి పెంచరు. మీ నాన్నగారికి సోడియం పడింది గంటల్లో, రోజుల్లో కాదు. మెదడు ఆ తక్కువకి ఇంకా అలవాటు పడలేదు కాబట్టి ఆ ప్రమాదం చాలా తక్కువ. పైగా అది వచ్చేదైతే దిద్దిన రెండు రోజుల నుంచి ఆరేడు రోజుల లోపు మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, కాళ్ళూ చేతులూ పట్టు తప్పడం కనిపించేవి. పది రోజులు దాటి ఆయన మాటా నడకా బాగున్నాయంటే ఆ భయం తీసేయొచ్చు.

ఒక్క విషయం మాత్రం నాకు బాధగా ఉంది. వార్డులో మొదట "పెద్దాయన కదా, ఆపరేషన్ భయానికి అలాగే మాట్లాడతారు, పడుకుంటే తగ్గుతుంది" అన్నారని, మీరు గట్టిగా అడిగితే గానీ రక్తం తీయలేదని రాశారు. ఈ మాట నేను చాలా చోట్ల విన్నాను. వయసైన వాళ్ళకి ఆపరేషన్ తర్వాత తికమక రావడం నిజమే. నొప్పి మందుల వల్ల రావచ్చు, యూరిన్ ఇన్ఫెక్షన్ వల్ల రావచ్చు, గొట్టంలో రక్తం గడ్డ అడ్డుపడి మూత్రాశయం ఉబ్బినా రావచ్చు. కానీ ప్రోస్టేటు ఆపరేషన్ అయిన రోజు తికమకపడిన మనిషికి సోడియం చూడకుండా వయసు మీదికి నెట్టేయకూడదు. ఆ పరీక్షకి కొన్ని వందల రూపాయలే అవుతుంది, ఐసీయూ ఉన్న ఆసుపత్రిలో బ్లడ్ గ్యాస్ మెషిన్ మీద కొన్ని నిమిషాల్లో అంకె తెలుస్తుంది. మీరు గొడవ పెట్టుకుని అడిగారు, ఆయన్ని కాపాడుకున్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న, 128. ఇది గ్లైసిన్ వల్ల కాదు. ఆ ద్రవం ఎప్పుడో మూత్రంలో పోయింది. పది రోజుల తర్వాత తగ్గిందంటే వేరే కారణం వెతకాలి. మీరు పెట్టిన డిశ్చార్జ్ సమ్మరీ చూశాను. అందులో రెండు విషయాలు నా కంట పడ్డాయి.

ఒకటి బీపీ మాత్ర. టెల్మిసార్టాన్‌తో పాటు హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర ఆయన ఏళ్ళుగా వేసుకుంటున్నారు. ఈ థయాజైడ్ మందులు మూత్రంలో సోడియాన్ని బయటికి పంపుతాయి, అదే సమయంలో అదనంగా తాగిన నీళ్ళను బయటికి పంపే శక్తిని కిడ్నీకి తగ్గిస్తాయి. వయసైన వాళ్ళలో సోడియం తగ్గడానికి అతి మామూలు కారణాల్లో ఇదొకటి. మీ ఇంట్లో బీపీ మాత్రల స్ట్రిప్ తీసి చూడండి, పేరు పక్కన హెచ్ అనో, సీటీ అనో ఉంటే అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ గానీ క్లోర్‌థాలిడోన్ గానీ ఉన్నట్టు. ఐసీయూలో ఆపి, ఇంటికి వచ్చాక పాత చీటీ ప్రకారం మళ్ళీ మొదలుపెట్టి ఉంటారు. చాలా ఇళ్ళలో ఇదే జరుగుతుంది. మీ అంతట మీరు మాత్ర మానేయకండి, బీపీ పెరిగితే ఆపరేషన్ చేసిన చోట రక్తం కారొచ్చు. రేపే ఫిజీషియన్‌కి ఫోన్ చేసి, సోడియం 128 అని చెప్పి, థయాజైడ్ లేని మందుకి మార్చమని అడగండి.

రెండోది నీళ్ళు. మూత్రం తేటగా రావాలి, గడ్డలు కట్టకూడదు అని బాగా నీళ్ళు తాగమని చెప్పి పంపుతారు. సలహా మంచిదే. కానీ ఎంత అని చెప్పరు. నాన్నగారు రోజుకి నాలుగు లీటర్లు నీళ్ళు, పైన మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, రెండు పూటలా జావ, టీలు తాగుతున్నారని రాశారు. అన్నీ కలిపితే ఐదు దాటుతుంది. ఆకలి లేక అన్నం సరిగా తినడం లేదని కూడా రాశారు. తిండి తగ్గితే కిడ్నీ నీళ్ళను బయటికి పంపడం కూడా తగ్గుతుంది, ఎందుకంటే తిన్నదాంట్లోంచి వచ్చే ఉప్పూ, యూరియా లాంటివి ఉంటేనే వాటితో కలిసి నీళ్ళు పోతాయి. ఆపరేషన్ నొప్పి, వికారం, కొన్ని నొప్పి మాత్రలు కూడా ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్‌ను పెంచుతాయి. ఇన్ని కలిసిన చోట నాలుగైదు లీటర్లు తాగిస్తే సోడియం తగ్గకుండా ఎలా ఉంటుంది? యూరాలజిస్ట్‌ని అడిగి, అన్ని ద్రవాలూ కలిపి రోజుకి ఎంత అనేది ఒక అంకె రాయించుకోండి. మూత్రం రంగు లేత పసుపుగా ఉంటే చాలు, పచ్చి నీళ్ళలా ఉండక్కర్లేదు. రెండు గుడ్లో, పప్పూ పెరుగూ అన్నమో గట్టిగా తిననివ్వండి. జావ కంటే అదే మేలు.

కొబ్బరి నీళ్ళ గురించి విడిగా చెప్తాను, హైదరాబాద్‌లో ఆసుపత్రి గేటు దగ్గర నుంచే అది మొదలవుతుంది కాబట్టి. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని పెంచే మందే. కిడ్నీ కొంచెం బలహీనంగా ఉన్న పెద్దాయనకి రోజుకి మూడు బొండాలు మంచిది కాదు. ఓఆర్‌ఎస్ కూడా దీనికి మందు కాదు. అందులో లీటరుకు సోడియం 75 ఉంటుంది, రక్తంలో 128 ఉంది. నీళ్ళు పట్టి ఉంచే స్థితిలో ఉన్న మనిషికి అది కూడా ఎక్కువగా పలచని నీళ్ళే. విరేచనాలు పట్టుకుంటే వేరే సంగతి.

ఇంకో మాత్ర గురించి కూడా జాగ్రత్త. రాత్రి నాలుగైదు సార్లు లేస్తున్నారని ఎవరైనా డెస్మోప్రెసిన్ రాస్తే, సోడియం ఇలా ఉన్నప్పుడు అది వేయకూడదు. అది నేరుగా నీళ్ళను పట్టి ఉంచే మందు. ఆందోళనకీ దిగులుకీ వాడే ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు, ఫిట్స్‌కి వాడే కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్ కూడా సోడియాన్ని తగ్గిస్తాయి. ఆయన వేసుకునే ప్రతి మాత్రా, ఆయుర్వేదం అయినా సరే, ఒక సంచిలో వేసి డాక్టర్ బల్ల మీద పెట్టండి.

షుగరు ఉందని కూడా అన్నారు. రక్తంలో షుగరు బాగా పెరిగి ఉన్నప్పుడు సోడియం అంకె ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. షుగరు 300 ఉంటే ఆ ఒక్క కారణంగానే మూడు నాలుగు పాయింట్లు తగ్గొచ్చు. కాబట్టి మళ్ళీ రక్తం ఇచ్చేటప్పుడు షుగరు కూడా అదే శాంపిల్‌లో చూడమనండి.

128 అంటే ఈ రాత్రికే ఐసీయూకి పరిగెత్తాల్సిన అంకె కాదు, ఆయన బాగా తిరుగుతూ మాట్లాడుతూ ఉంటే. కానీ వదిలేసేదీ కాదు. ఈ మాత్రం తగ్గుదలకే నడక తూలుతుంది, పెద్దవాళ్ళు పడిపోతారు. రాత్రి మూత్రానికి లేచినప్పుడు ఎవరో ఒకరు పక్కన ఉండండి, బాత్రూమ్ దాకా లైటు వేసి ఉంచండి. రేపు గానీ ఎల్లుండి గానీ మళ్ళీ పరీక్ష చేయించండి. 125 కంటే తగ్గినా, లేదా అంకె ఎంతున్నా సరే మగతగా ఉండటం, పేర్లు తడబడటం, వాంతులు ఆగకపోవడం, ఫిట్స్ లాంటివి వచ్చినా ఇంట్లో ఉంచకండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్ళాలని ట్రాఫిక్‌లో ఊరంతా దాటకండి. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లో ఐసీయూ ఉన్న ఏ ఆసుపత్రికైనా డిశ్చార్జ్ సమ్మరీ పట్టుకుని వెళ్ళండి. ఖర్చు ఇబ్బంది అయితే గాంధీ, ఉస్మానియా క్యాజువాలిటీలు రాత్రీ పగలూ ఉంటాయి.

బాబాయి సంగతికి వస్తాను. అన్నగారికి ఇలా జరిగిందని ఆయన ఆపరేషన్ మానుకోవాల్సిన పని లేదు. సర్జన్‌ని రెండు ప్రశ్నలు అడగండి. ఏ మెషిన్‌తో చేస్తారు? లోపల ఏ ద్రవం పారిస్తారు? బైపోలార్ మెషిన్ (కరెంటు పరికరం చివరలోనే తిరిగి వెళ్ళే రకం) అయినా, హోలెప్ లాంటి లేజర్ (గ్రంథిని ఒలిచి తీసే పద్ధతి) అయినా నార్మల్ సెలైన్, అంటే మామూలు ఉప్పు ద్రవం, వాడొచ్చు. అందులో లీటరుకు 154 సోడియం ఉంటుంది కాబట్టి అది రక్తంలోకి వెళ్ళినా నాన్నగారికి జరిగినట్టు సోడియం పడిపోదు. హైదరాబాద్‌లో ఇప్పుడు ఈ రెండూ దొరుకుతాయి. మోనోపోలార్, గ్లైసిన్ అని చెప్తే వెంటనే భయపడకండి, చిన్న గ్రంథిని అనుభవం ఉన్న సర్జన్ గంట లోపు ముగిస్తే చాలామందికి ఏ ఇబ్బందీ రాదు. కానీ అల్ట్రాసౌండ్‌లో గ్రంథి పెద్దదిగా ఉండి, అదే పద్ధతి అంటే నేనైతే మా ఇంట్లో వాళ్ళకి వేరే చోట చేయించుకోమంటాను. టీయూఆర్‌పీ 30 నుంచి 80 గ్రాముల గ్రంథులకు సరిపోయే ఆపరేషన్ అని యూరప్ యూరాలజీ సంఘం మార్గదర్శకాలు చెప్తాయి. అంతకు మించితే లేజర్‌తో ఒలిచి తీయడం గానీ, తెరిచి చేయడం గానీ ఆలోచిస్తారు.

సెలైన్ వాడితే ఇక ఏమీ కాదనుకోవద్దు. సోడియం పడకపోయినా లీటర్ల కొద్దీ సెలైన్ లోపలికి వెళ్తే గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. బాబాయికి స్టెంట్ ఉందన్నారు కాబట్టి ముందు ఎకో (గుండె స్కాన్) చేయించి, ఆ రిపోర్టు మత్తు డాక్టర్‌కి చూపించండి. లోపలికి ఎంత పారించారు, బయటికి ఎంత వచ్చింది అని లెక్క రాస్తారా అని కూడా అడగండి, కోపం తెచ్చుకోరు, మంచి టీమ్ అయితే సంతోషిస్తారు. ఆపరేషన్‌కి ముందే ఆయన సోడియం ఎంత ఉందో చూడాలి. 130తో థియేటర్‌లోకి వెళ్ళే మనిషికి చేజారడానికి చోటు తక్కువ. థయాజైడ్ ఉంటే కొన్ని వారాల ముందే మార్పించుకోవడం మేలు. స్టెంట్ కోసం వాడే రక్తం పలచబరిచే మాత్రలు ఎప్పుడు ఆపాలి అనేది గుండె డాక్టరే చెప్పాలి, ఎవరో చెప్పారని ఆపకండి.

నాన్నగారికి మళ్ళీ రక్తం ఇచ్చేటప్పుడు సోడియం, పొటాషియం, క్రియాటినిన్, షుగరు, సీరం ఆస్మోలాలిటీ (రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే పరీక్ష), దాంతో పాటు మూత్రంలో సోడియం, ఆస్మోలాలిటీ రాయమని మీ ఫిజీషియన్‌ని అడగండి. మూత్రం అంకెలు ఉంటే కారణం మందా, నీళ్ళా, హార్మోనా అన్నది చాలావరకు తేలిపోతుంది. థయాజైడ్ మార్చక ముందే ఒకసారి ఇవ్వగలిగితే ఇంకా మంచిది, కానీ దాని కోసం మందు మార్పు ఆలస్యం చేయకండి. రిపోర్టులు వచ్చాక, ఆయన రోజుకి ఎంత తాగుతున్నారో ఎంత మూత్రం పోస్తున్నారో రెండు రోజుల లెక్కతో సహా ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.